తడి ఆరని బొడ్డు

ముందే చెప్పేస్తున్నాను, నా కొడుకు ఇప్పుడు బాగున్నాడు. నేను ఇది రాస్తుంటే పక్కన బోర్లాపడి చాప అంచు నములుతున్నాడు. బొడ్డు కింద వేలెడు గీత ఒకటి మిగిలింది, అంతే. చదివేవాళ్లు వాడికేమవుతుందోనని బెంగపడకుండా, నాతోపాటు కోపంగా చదవాలని ఈ మాట ముందు రాశాను. నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాలని కూడా లేదు.

నేను ఆశా కార్యకర్తను. జూలూరుపాడు దాటి లోపలికి వస్తే అడవి అంచున మా ఊరు. వాగు అవతల కోయవాళ్ల గుంపులు, అంటే గూడేలు, రెండు కూడా నా కిందికే వస్తాయి. ఎవరికి నెల తప్పినా, ఏ పసిబిడ్డకు సూది పడాలన్నా నేనే వెళ్లాలి. గర్భిణులను ఆటోలో ఎక్కించుకుని టౌన్లోని సర్కారు దవాఖానాకు స్కానింగ్ కోసం తీసుకెళ్లేదీ నేనే. ఆ దవాఖానా పేరు రాయను. రాస్తే అక్కడొక్కచోటే ఇలా జరుగుతుందని అనుకుంటారు.

పదిహేనో రోజు

పత్తి తీతలప్పుడు పుట్టాడు వాడు. తొమ్మిదో రోజు బొడ్డుతాడు ఊడింది. మా అత్తమ్మ దాన్ని పసుపు గుడ్డలో చుట్టి దాచింది. పదిహేనో రోజుకు ఊడిన చోట ఎండిపోవాల్సింది పోయి కందిగింజంత ఎర్రటి బుడిపె మిగిలింది. ఎప్పుడు చూసినా తడితడిగా మెరుస్తూ ఉండేది.

ఊళ్లో ప్రతి పసిబిడ్డ బొడ్డూ చూసేదాన్ని నేనే. బొడ్డు మీద ఏమీ పెట్టొద్దు, ఏమీ పూయొద్దు అని ఇంటింటికీ తిరిగి చెప్పేది నేనే. కాబట్టి మా అత్తమ్మ ఆముదం గిన్నె పట్టుకుని వస్తే గొడవపెట్టుకుని మరీ ఆపాను. ఆమె మూతి ముడుచుకుని కూర్చుంది.

"నీకు నౌకరి ఉన్నదని మాకేం తెల్వదనుకుంటున్నవా? నీ మొగుణ్ని పెంచింది ఈ చేతులే గదా" అంది.

నెల దాటినా బుడిపె తగ్గలేదు. మా ఆయన మణుగూరులో టిప్పర్ నడుపుతాడు, వారానికొకసారి వస్తాడు. వచ్చినవాడు చూసి, మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్దామన్నాడు. ఆర్‌ఎంపీ టార్చిలైటు వేసి చూసి, "గిది మామూలే సునీతమ్మా. పచ్చి పుండు. తుత్తం పెడితే రాలిపోతది" అన్నాడు. మైలతుత్తం అద్దాడు. వాడు పెట్టిన కేక నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. వారం తర్వాత మళ్లీ అద్దాడు. చుట్టూ ఉన్న తోలు కమిలిపోయింది గానీ బుడిపె మాత్రం అలాగే కూర్చుంది.

ఆ రోజుల్లోనే నేనొకటి గమనించాను. వాడు గట్టిగా ఏడ్చినప్పుడల్లా బొడ్డు తడిసేది. చీమూ కాదు, నెత్తురూ కాదు, నీళ్లలాంటిది. అనుమానం వచ్చి ఒక పొద్దంతా పట్టుబట్టి చూశాను. నడుముకు ఒక గుడ్డ, బొడ్డు మీద విడిగా ఇంకో తెల్లగుడ్డ. కింది గుడ్డ పొడిగా ఉన్నప్పుడు కూడా పైగుడ్డ తడిసింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. మూత్రం వాసన.

పరుగెత్తుకుంటూ వెళ్లి ఆర్‌ఎంపీకి చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు.

"మగపిల్లగాడు గదమ్మా, పైకి పోసుకున్నడు!"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నేనూ వెర్రిదానిలా ఒక నవ్వు నవ్వి, బిడ్డను ఎత్తుకుని వచ్చేశాను. ఆ నవ్వు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీద? అందరికంటే ముందు నా మీదే.

మూడో నెల

టౌన్ దవాఖానాకు తీసుకెళ్లాను. నాకు కొత్త చోటేం కాదు, ఏ బల్ల ఊగుతుందో, ఏ ఫ్యాను తిరగదో కూడా తెలుసు. కానీ వేరేవాళ్ల కోసం కూర్చోవడం వేరు, మన బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం వేరు. పొద్దున తొమ్మిదికి చీటీ తీసుకుంటే పన్నెండున్నరకు పిలిచారు.

డ్యూటీ డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. బల్ల అవతలి నుంచే మెడ చాచి చూశాడు. "గ్రాన్యులోమా. మందు పుల్లతో కాలుస్తం. వారం వారం తీస్కరా" అని రాసేశాడు. వేలు పెట్టి చూడలేదు, కడుపు తడమలేదు.

"సార్, వీడు ఏడ్చినప్పుడు బొడ్డులోంచి నీళ్లొస్తున్నయ్ సార్. మూత్రం వాసనొస్తున్నది."

"నువ్వు ఆశావే గదా?"

"అవ్ సార్."

"మరి నీకు గూడ చెప్పాల్నా? మగపిల్లగాడు, పైకి పోసుకుంటడు. నెక్స్ట్!"

అదే మాట! ఇద్దరూ కూడబలుక్కుని చెప్పినట్టు అదే మాట. ఒకాయనకు చదువు లేదు, సరే. ఇంకొకాయన అన్నేళ్లు చదివి వచ్చి కూడా అదే మాట అంటే ఆ చదువు దేనికి? తల్లి రెండు గుడ్డలు కట్టి పొద్దంతా చూసి చెప్పిన మాట కంటే, చూడకుండా వేసిన జోకు ఎక్కువైంది.

అయినా వెళ్లాను. నాలుగు వారాలు వరసగా వెళ్లి కాల్పించాను. బొడ్డుకు పుల్ల తగలగానే వాడు విరుచుకుపోయేవాడు. వాడి రెండు చేతులూ పట్టుకోవడం నా పని. నా బిడ్డను నేనే కదలకుండా పట్టుకుని ఇచ్చాను. రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు ఈ వాక్యం.

ఆ నాలుగు వారాల్లో నాకు దొరికిన మంచి ఒక్కటే. వరండా ఊడ్చే ఒకావిడ, నేను ఏమీ తినలేదని చూసి, చీపురు పక్కన పెట్టి చేతులు కడుక్కొచ్చి బిడ్డను తీసుకునేది. "జల్దీ తినిరా, నేను పట్టుకుంట" అనేది. ఆ దవాఖానా మొత్తంలో వాడి పేరేంటని అడిగింది ఆమె ఒక్కతే.

ఐదో నెల

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మా ఆయన ఫోన్లో, "అందరు చేయించుకునేదే మనం చేయిస్తున్నం. నీకే ప్రతిదానికి అనుమానం" అంటాడు. అత్తమ్మ నాతో కాకుండా గోడతో మాట్లాడుతుంది. నిండు నెలల్లో నేను ఊళ్లన్నీ తిరగడం వల్లే బిడ్డకు ఇలా అయిందని ఆ గోడకు చెప్పేది.

ఒకరోజు నేను సర్వేకు వెళ్లి వచ్చేసరికి, అత్తమ్మ వాడి బొడ్డు మీద రాగిపైస పెట్టి, మెత్తటి చీరపీలికతో నడుము చుట్టూ బిగించి కట్టింది. బొడ్డు ఉబ్బితే మా వైపు పైస కడతారు. ఉబ్బిన బొడ్డు లోపలికి పోతుందని నమ్మకం. ఎన్ని ఇళ్లలో ఆ పైసలు విప్పించానో లెక్కలేదు. మా ఇంట్లోది మాత్రం విప్పలేదు. ఎందుకో తెలుసా? గుడ్డ తడవలేదు. రెండు రోజులు వాడి బొడ్డు పొడిగా ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. ఇద్దరం ఒక పళ్లెంలో అన్నం తిన్నంత పని చేశాం.

మూడో రోజు వాడి ఒళ్లు కాలిపోయింది. పైస విప్పితే బొడ్డు చుట్టూ అరచేయంత మేర ఎర్రగా కంది ఉంది. చీము చిమ్మింది. మూత్రం పోసేటప్పుడల్లా వాడు కాళ్లు ముడుచుకుని గుక్కపట్టేవాడు. నేను అత్తమ్మను ఎన్ని మాటలన్నానో! "నా కొడుకును చంపుదామనుకున్నవా" అని కూడా అన్నాను. ఆమె పైసను గుప్పిట్లో పట్టుకుని, "నా మనుమడికి నేను కీడు తలుస్తనా సునీతా?" అంటూ గడప దగ్గర కూలబడింది.

డ్యూటీ డాక్టరు ఐదు రోజులు సూదులు రాశాడు. జ్వరం తగ్గింది. సూదులు ఆగిన నాలుగో రోజు మళ్లీ వచ్చింది. వాడు పాలు తాగడం మానేశాడు. ఐదు నెలల బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతుంటే, వీడు నాకు దక్కడేమోనని మొదటిసారి భయం పట్టుకుంది.

ఒక మంగళవారం

మంగళవారం స్కానింగ్ రోజు. గర్భిణులను తీసుకెళ్లడం నా డ్యూటీ. నా బిడ్డకు జ్వరమైతే ఇంకో మనిషిని పంపరు. ఎలాగూ వాణ్ని డాక్టరుకు చూపించాలి కదాని ఒళ్లో వేసుకుని వెళ్లాను. ఆటోలో ముగ్గురు గర్భిణులు. వాళ్లలో ముత్తమ్మ వాగు అవతలి గుంపు మనిషి. ఆరో నెల. అది తునికాకు కాలం. బీడీ ఆకు కోసే నెలరోజుల్లో ఒక్క పొద్దు పోయినా వాళ్లకు కష్టమే. అయినా నేను రమ్మన్నానని వచ్చింది. ముత్తమ్మ ఎక్కువ మాట్లాడదు. ఇంట్లో కోయ మాట, మాతో తెలుగు. ఆచితూచి మాట్లాడుతుంది.

స్కానింగ్ గది తలుపు మీద 'గర్భిణీ స్త్రీలకు మాత్రమే' అని రాసి ఉంటుంది. దాని ముందు బల్ల మీద కూర్చున్నాం. ముత్తమ్మ నా ఒళ్లోని గుడ్డ పక్కకు జరిపి వాడి బొడ్డును చాలాసేపు చూసింది.

"అక్కా, లోపట ఏమున్నదంటరు?"

"లోపటేముంటది? పుండు."

"ఎవలన్న చూసిండ్రా?"

"చూసుడేంది, కడుపు లోపలికి ఎట్ల చూస్తరు ముత్తమ్మా?"

ఆమె తలుపు వైపు చూపించింది. "గీ మిషను లోపటున్న బిడ్డను చూస్తది గదా. బయటున్న బిడ్డను చూడదా?"

నేను నవ్వాను. స్కానింగ్ అంటే గర్భిణులకే ముత్తమ్మా, అనబోయాను. మాట నోట్లోనే ఆగిపోయింది.

ఆ తలుపు ముందు నేను ఎన్ని మంగళవారాలు కూర్చున్నానో. వాడు పుట్టాక కూడా, ఆ తడి బొడ్డుతో వాణ్ని ఒళ్లో పెట్టుకుని అదే బల్ల మీద కూర్చున్నాను. గోడ అవతలే మిషను. మా అందరి బుర్రల్లో స్కానింగంటే గర్భిణులు, గర్భిణులంటే స్కానింగ్. ఇంకో ఆలోచనే లేదు. నాకు లేదు సరే, డాక్టరుకు? ఆరుసార్లు కాల్చిన చోట, ఒక్కసారి జెల్లు పూసి లోపల ఏముందో చూద్దామని ఎవరికీ తోచలేదా?

లేచి అటెండర్‌ను అడిగాను.

"చిన్నపిల్లలకు ఈడ చెయ్యరమ్మా. డాక్టర్ సార్ రాసియ్యాలె."

డాక్టరు గదికి వెళ్తే కుర్చీ ఖాళీ. ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. తిరిగి వచ్చేసరికి ముత్తమ్మ పేరు పిలుస్తున్నారు. ఆమె లేచి, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. తాను పడుకోవాల్సిన మంచం మీద వాణ్ని పడుకోబెట్టించింది.

స్కానింగ్ డాక్టరు తలెత్తాడు. "ఏందిది? ఎవరు రాసిండ్రు దీనికి?"

"ఎవ్వలు రాయలే సారూ" అంది ముత్తమ్మ. "అందుకే తెచ్చినం. నా తావున గీ బిడ్డను చూడు సారూ."

ఆయన వాడి ముఖం చూశాడు, బొడ్డు చూశాడు. తర్వాత జెల్లు సీసా తీసి, చల్లగా తగలకుండా అరచేతిలో కాసేపు రుద్ది వాడి పొట్ట మీద రాశాడు. వాడు ఏడవలేదు. సూది లేదు, నెత్తురు లేదు, నొప్పి లేదు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ముత్తమ్మ తెర వైపే రెప్ప వేయకుండా చూస్తోంది.

"గిటు చూడమ్మా." తెర మీద గోటితో గీరినట్టు నల్లటి గీత. "తల్లి కడుపుల ఉన్నప్పుడు బొడ్డుకు, మూత్రం సంచికి నడుమ ఒక గొట్టం ఉంటది. పుట్టేలోపు మూసుకపోవాలె. నీ బాబుకు మూసుకపోలే. మధ్యల చీము గడ్డ కట్టింది. బొడ్డుల నుంచి వచ్చేది మూత్రమే."

నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. దుఃఖంతో కాదు. నేను చెప్పింది నిజమైనందుకు.

"ఎన్నిసార్లు కాల్చిన్రు దీన్ని?" అని అడిగాడాయన.

"ఆరుసార్లు సార్."

ఆయన హైదరాబాద్ పిల్లల దవాఖానాకు చీటీ రాశాడు. అక్కడి సర్జన్‌కు తానే ఫోన్ చేసి, "ఈ రోజే బయలుదేరుతున్నరు, ఆపకుండ్రి" అన్నాడు. ఆయన మేలు మరవను. కానీ బయటకు రాగానే అటెండర్ ముత్తమ్మతో, "ఒక టోకెన్‌కు ఒక స్కానింగే. నీది అయిపోయింది. వచ్చే మంగళవారం రా" అన్నాడు. నేను అరిచాను, బతిమాలాను. చీమ కుట్టినట్టు కూడా లేదు వాడికి. ముత్తమ్మే నన్ను నెట్టింది. "నువ్వు నడువక్కా. ఇంకో పొద్దు పోతది, గంతే గదా."

హైదరాబాద్

ముందు చీము ఆరడానికి మందులు, తర్వాత ఆపరేషన్. పదిహేడు రోజులు వార్డు వరండాలో చాప మీద ఉన్నాం. నేను, మా ఆయన, పిలవకుండానే వెంటవచ్చిన అత్తమ్మ. ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక మా ఆయన నా పక్కన కూర్చుని, "ఆనాడు నేను నవ్వకుండ ఉండాల్సింది" అన్నాడు. క్షమించేశానని రాస్తే అబద్ధమవుతుంది.

సర్జనమ్మ బయటికి వచ్చి అంతా బాగా అయిందని చెప్పగానే అత్తమ్మ ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "అమ్మా, నేను పైస కట్టుడు వల్లనే గిట్లయిందా?"

"ఆ గొట్టం మీవల్ల రాలేదు" అందామె. "కట్టడంతో బయటికి పోయేది లోపల నిలిచి చీమైంది. ఇక ఎవరి బిడ్డకూ కట్టకండి, కట్టనివ్వకండి." అత్తమ్మ తలూపింది. ఇప్పుడు మా వీధిలో పైస కడితే ముందు ఆమే వెళ్లి విప్పుతుంది.

సర్జనమ్మ నాకు చెప్పింది మీకూ చెబుతున్నాను. పసిబిడ్డల బొడ్డు మీద వచ్చే బుడిపెలు చాలావరకు మామూలువే, మందుకు ఎండిపోతాయి. భయపడక్కర్లేదు. కానీ మందు పెట్టినా తగ్గకపోతే, తడి ఆగకపోతే, మూత్రంలాగో మలంలాగో వాసనొస్తే, ఇంకోసారి కాల్చడం కాదు, లోపల చూడాలి. స్కానింగ్ చెయ్యమని అడగండి. నవ్వితే నవ్వనివ్వండి. అక్కడి నుంచి కదలకండి.

తొలకరి తర్వాత

ఇంటికి వచ్చాక నేను చేసిన మొదటి పని, వారంలో ఒక గంట పసిపిల్లల స్కానింగ్‌కు ఇవ్వాలని అర్జీ రాయడం. పై ఆఫీసులో ఇచ్చాను. చూస్తామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

రెండో పని, ముత్తమ్మ ఇంటికి వెళ్లడం. వాగు దాటి, బిడ్డను చంకనేసుకుని వెళ్లాను. ఆమెకు ఎనిమిదో నెల. వాణ్ని ఎత్తుకుని పొట్ట మీది గీతను తడిమి చూసింది. నాకు వచ్చిన కోపమంతా ఆమె ముందు వెళ్లగక్కాను. ఆర్‌ఎంపీ, డ్యూటీ డాక్టరు, అటెండర్, ఎవరినీ వదల్లేదు. చూడకుండా, తాకకుండా, తల్లి చెప్పింది వినకుండా ఏం గాదు పో అన్న వాళ్ల నోళ్లు పడిపోవాలన్నాను. ముత్తమ్మ అంతా వింది. తర్వాత లోపలికి వెళ్లి, మూడేళ్ల తన కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గౌను పైకెత్తింది.

బొడ్డులో ఎర్రటి బుడిపె. తడి.

"గిది గూడ గట్లదేనా అక్కా?"

"ఎప్పటిసంది ఉన్నదిది?"

"పుట్టినకాడి నుంచి. నీకు చూపిచ్చిన గదా, బొడ్డు ఊడిన వారానికి. ఎండిపోతది, ఏం గాదన్నవ్."

నాకు గుర్తే లేదు. ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. రోజుకు ఎన్ని ఇళ్లు తిరుగుతాను, ఎన్ని గడపల దగ్గర నిలబడే ఏం గాదు అని వచ్చేస్తాను! వంగి చూశానో లేదో, ఒక్క క్షణమైనా ఆగానో లేదో కూడా తెలియదు. స్కానింగ్ గదిలో నా కొడుకును మంచం మీద పెట్టించి, ఆమె తెర వైపు రెప్ప వేయకుండా ఎందుకు చూసిందో అప్పుడు అర్థమైంది. తన బిడ్డ సంగతి మనసులో పెట్టుకుని, ముందు నా బిడ్డను చూపించింది.

ఆ వారం మంగళవారమే పాపను తీసుకెళ్లాను. అటెండర్ మళ్లీ అదే పాట పాడాడు. డ్యూటీ డాక్టరు వచ్చేదాకా తలుపుకు అడ్డంగా కూర్చుని చీటీ రాయించుకున్నాను. పాప అదృష్టం, లోపలికి గొట్టమేమీ లేదు. పుట్టకముందు పేగుకు సంబంధించిన ముక్క బొడ్డులో మిగిలిపోయిందట. కాల్చినా తుత్తం పెట్టినా అది పోదు, చిన్న ఆపరేషన్‌తో తీసేయాలి. తేదీ ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పాప నా తొడ మీద తలపెట్టి పడుకుంది. ఉండబట్టలేక అడిగాను.

"మూడేండ్లు ముత్తమ్మా! నేను చెప్పింది తప్పయితే ఇంకెవర్నన్న అడగొద్దా? గీ తడి గుడ్డలు మార్చుకుంట గట్లనే ఎట్ల ఊకున్నవ్?"

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు ఆ ముఖంలో. కాస్త ఆశ్చర్యం ఉంది.

"నువ్వు చెప్పినంక ఇంకెవర్ని అడగాలె అక్కా?"